రాజాజ్ఞ – దైవాజ్ఞ

ప్రభుత్వమునకు లోబడియుండవలెనని పౌలు రోమా నగరపు క్రైస్తవులకు వ్రాసెను. మనుష్యులకంటె దేవునికే లోబడవలెనని పేతురు మొదలగు అపొస్తలులు యెరూషలేము మహాసభయెదుట పలికిరి. ఈ రెండును పరస్పర విరుద్ధములా? కావు. మొదటిది విధి, రెండవది దాని మేర.

ఆ మేర యెక్కడనున్నదో 1934లో జర్మనీ దేశమున తేటపడెను. అంతకు ముందటియేడు అధికారమునకు వచ్చిన హిట్లరు ప్రొటెస్టంటు సంఘములను తన చెప్పుచేతలలో నుంచుకొనజూచెను. సంఘములలోనే యొక వర్గము అతనికి వంతపాడెను. అందులకు సమ్మతింపనివారు మే నెలాఖరున బార్మెను పట్టణమున సభకూడి, ఆరు సూత్రముల ప్రకటనము గావించిరి. దానిని ముఖ్యముగా రచించినవాడు కార్ల్ బార్త్ పండితుడు. అందలి అయిదవ సూత్రముయొక్క సారాంశమిది: న్యాయమును, శాంతిని కాపాడుట ప్రభుత్వమునకు దేవుడొసగిన పని, మానవజీవితమంతయు తన సొత్తనుటకు దానికి హక్కు లేదు. అట్లే సంఘమును ప్రభుత్వమున కొక శాఖ కారాదు.

హిట్లరు పేర నిబంధన లేని ప్రమాణము చేయ నిరాకరించి, బార్త్ 1935లో బాన్ విశ్వవిద్యాలయమున ఉద్యోగము కోల్పోయెను. అయినను ఆ ప్రకటనము యూదుల బాధనుగూర్చి యొక్క మాటయు పలుకలేదు. సంఘస్వాతంత్ర్యమునకై నిలిచినంతమాత్రమున క్రైస్తవుని విధి తీరదు. పొరుగువాని ప్రాణమునకై నిలుచుటయు నందులోనిదే. కావున పన్ను చెల్లింపవలెను, శాసనమును మన్నింపవలెను. అన్యాయమునకు చేయూత నిమ్మన్ననాడు మాత్రము వినయముతోనే కాదనవలెను.