రెండు శాస్త్రములు కలిపి చదువుట

మొగల్తూరు ప్రాంతమున రొయ్యల చెరువుగట్టుపై తెల్లవారుజామున నిలిచి చూచిన విద్యార్థి కొక సందేహము పుట్టక మానదు. ఆ వేళయందే ఏరియేటర్లను ఆపక త్రిప్పుటేల? నీటిలోని సూక్ష్మమైన నాచు పగటి వెలుతురున ప్రాణవాయువును విడుచును. చీకటి పడిన పిమ్మట నదియు రొయ్యలతోబాటు ఆ వాయువును వాడుకొనును. కనుక సూర్యోదయమునకు ముందు అది మిక్కిలి తగ్గును. ఈ ప్రశ్న వృక్షశాస్త్రమునకు చెందినదా, జంతుశాస్త్రమునకా, రసాయనశాస్త్రమునకా? మూడింటికిని చెందినదే. ఇంటరు ముగించిన పిల్లలును, వారి తలిదండ్రులును, డిగ్రీలో ఒక శాస్త్రము చాలునా, రెండు సమానముగా చదువవలయునా యని మమ్మడుగుచుందురు.

పూర్వము మన రాష్ట్రమున బి.యస్సీ. యనగా మూడు విషయములు సమానముగా నుండెడివి. 2023–24లో ఒక ప్రధానవిషయమును, దానికి తోడుగా నొక ఉపవిషయమును గల పద్ధతి వచ్చెను. 2022లో యూ.జీ.సీ. ప్రకటించిన ప్రణాళికలో రెండు ప్రధానవిషయములకును తావు గలదు. మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సునకు 160. అందు నూటికి 40 వంతులైనను రెండవ ప్రధానవిషయమున సంపాదింపవలెను. కాగితముపై నున్నదెల్ల ప్రతి కళాశాలలోను దొరకదు సుమా! నరసాపురమున గాని భీమవరమున గాని చేరదలచినవారు ఆ యేటి ప్రవేశప్రకటనను తప్పక చూడవలయును.

మన జిల్లాలో, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర మిక్కడ తలపునకు వచ్చును. వారు మద్రాసులో వైద్యము చదివి అమెరికాకు వెళ్లిరి. 1925లో ఫిస్కేగారితో కలసి, భాస్వర మెంత గలదో రంగు గాఢతనుబట్టి కొలుచు రీతిని ప్రకటించిరి. కండరములకు శక్తి నిచ్చు భాస్వర సమ్మేళనములను కనుగొనుటకు ఆ కొలతయే దారి చూపెను. వైద్యుని ప్రశ్నకు రసాయనికుని కొలత తోడయ్యెను. అయినను వారా రెండింటిని ఒకే పట్టములో చదివినవారు కారు. హార్వర్డులో డాక్టరేటు పొందినది 1930లో. సి.ఆర్. రావుగారును ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన పిమ్మటనే కలకత్తాలో స్టాటిస్టిక్సు ఎం.ఏ.ను 1943లో ముగించిరి. ఒక శాస్త్రముతో మొదలిడినవానికి రెండవదాని తలుపు మూయబడదని దీనివలన తెలియుచున్నది.

కావున ఏది యెంచుకొనవలెనో తోచక రెండింటిని పట్టుకొనుట మాకు నచ్చదు. చెరువునీటి ప్రశ్న వంటిది మనస్సున పట్టి విడువనివాడు రసాయన, జంతుశాస్త్రములను కలిపి చదివిన శ్రమ వృథాపోదు. గణిత భౌతికములు ఒకదాని కొకటి సాయపడును. ప్రయోగశాలలు రెండు గల జంటలో మాత్రము మధ్యాహ్నములన్నియు ప్రయోగములకే పోవును. రాత్రులు రికార్డులకు చాలవు. ఎం.యస్సీ. చేరుటకు ఆ విషయమున నెన్ని క్రెడిట్లు అడుగుదురో కూడ ముందే విచారింపవలెను. నాలుగవ యేటి ఫీజును భరింపగలమా యని తండ్రి యడిగినచో నది పిల్లవాని ఉత్సాహమును చంపు ప్రశ్న కాదు. దానిని ఇంటిలో నెమ్మదిగా మాటలాడుకొనవలెను.

సెలవులలో ప్రవేశప్రకటనయు, రెండు శాఖల కాలపట్టికలును తెచ్చినవారితో కూర్చుండి చూచుటకు మేము సిద్ధముగా నున్నాము.