సగం బ్లేడు చాలు

కోల్‌కతా ఫుట్‌పాత్ మీద గడ్డం గీయించుకునేవాడికి ఇటుకే ఆసనం. అందుకే ఆ ఊళ్లో ఇలాంటి మంగలి అంగళ్లను సరదాగా ఇటాలియన్ సెలూన్లంటారు. మంగలి కొత్త బ్లేడును కాగితం విప్పకుండానే వేళ్ల మధ్య వంచి, టక్కున రెండుగా విరుస్తాడు. ఒక ముక్క మడత కత్తిలోకి, రెండోది తర్వాతి బేరానికి. గీసేశాక బుగ్గల మీద పటిక రుద్దుతాడు. ఒక బ్లేడుతో రెండు గడ్డాలు!

ఆ బ్లేడును పుట్టించినవాడికి మాత్రం మన పొదుపు పట్టలేదు, మళ్లీ మళ్లీ కొనిపించాలన్నదే ఆయన ఎత్తు. కింగ్ క్యాంప్ జిలెట్ అమెరికాలో సీసా మూతల కంపెనీలో సేల్స్‌మన్. జనం వాడి పారేసి మళ్లీ కొనుక్కునే వస్తువేదైనా కనిపెట్టమని ఆ మూత సృష్టికర్త విలియం పెయింటర్ సలహా ఇచ్చాడు. అప్పటిదాకా కత్తిని తోలుపట్టా మీద సానబెట్టుకోవాల్సిందే. జిలెట్ తలపెట్టిన వాడి పారేసే బ్లేడంత పల్చటి ఉక్కుకు పదును నిలవదని తెలిసినవాళ్లు పెదవి విరిచారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు దాన్ని గట్టిపరిచి, పదును పెట్టే యంత్రాలు తయారుచేశాడు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. పేటెంటు చేతికొచ్చిన 1904లో రేజర్ల అమ్మకం తొంభై వేలు దాటింది.

మన దగ్గర ఈ వ్యాపారంలో కోల్‌కతాకు చెందిన హర్బన్స్ లాల్ మల్హోత్రా సంస్థది పెద్ద పేరు. ఈ మార్కెట్లోకే జిలెట్ కంపెనీ 2002లో వెక్టర్ రేజర్ తెచ్చింది. దాన్ని పరీక్షించింది అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థుల మీద. వాళ్లకు కుళాయి నీళ్లు ధారగా వస్తాయి. ఇక్కడ చాలామందికి ఉన్నది గిన్నెడు నీళ్లే. ఇరుక్కున్న వెంట్రుకలు వదల్లేదు, రేజరూ నడవలేదు. బుద్ధి తెచ్చుకున్న కంపెనీ 2010లో గార్డ్ అనే రేజర్‌ను 15 రూపాయలకు, దాని బ్లేడును 5 రూపాయలకు అమ్మింది.

అయినా నా ఓటు పాత రెండంచుల బ్లేడుకే. పిడి ఏళ్ల తరబడి ఉంటుంది, మార్చేది రెండు మూడు రూపాయల రేకు.

ఆ రేకు ఇంకాస్త కాలం మన్నేలా చూసుకోవచ్చు. వెంట్రుక కంటే ఉక్కు సుమారు 50 రెట్లు గట్టిది, అయినా మొద్దుబారుతుంది. ఎందుకని అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు బ్లేడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. 2020లో ప్రచురించిన వాళ్ల పరిశోధన ప్రకారం అంచు మెల్లగా అరిగిపోవడం ఒక్కటే కారణం కాదు. వెంట్రుక వంగి అంచుకు ఏటవాలుగా తగిలినచోట, ఉక్కు నిర్మాణం ఒకే తీరుగా లేనప్పుడు, సూక్ష్మమైన పెచ్చులు ఊడుతున్నాయి. నీళ్లలో నానితే వెంట్రుక మెత్తబడుతుంది, తెగడానికి తక్కువ బలం చాలు. కాబట్టి స్నానం చేశాక గీసుకోండి, లేదా రెండు మూడు నిమిషాలు గడ్డం తడిపి ఉంచండి. సబ్బు నురగైనా సరిపోతుంది.

ఒక్క మనవి. వాడేసిన బ్లేడును చెత్తబుట్టలో అలాగే పడేయకండి. ఏ పాత డబ్బాలోనో వేసి, నిండాక మూత బిగించి ఇవ్వండి. ఆ చెత్తను చేత్తో ఏరేవాళ్లున్నారు.