పట్టీ లైటుకు ఏ అడాప్టర్ కొనాలి?



మీరు ఎల్.ఇ.డి. పట్టీ లైటు చూసే ఉంటారు. గాజుల కొట్లో, బట్టల కొట్లో అరల కింద వరసగా వెలుగుతూ ఉంటుంది. టేపులాగా చుట్ట చుట్టి అమ్ముతారు. వెనక జిగురు ఉంటుంది. పైకాగితం ఊడదీసి అతికిస్తే చాలు. కొట్టువాళ్ళు దీన్ని స్ట్రిప్ లైటు అంటారు.

ఈ పట్టీని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. మధ్యలో ఒక చిన్న డబ్బా కావాలి. అదే అడాప్టర్. పట్టీ కొనేటప్పుడు మనం రంగు చూస్తాం, వెలుగు చూస్తాం. అడాప్టర్ సంగతి పట్టించుకోం. పట్టించుకోకపోతే ఏమవుతుందో మా పిన్ని ఇంట్లో చూశాను.

పిన్ని ఇంట్లో ఏం జరిగింది?

మా పిన్ని బట్టలు కుడుతుంది. సంక్రాంతి ముందు రాత్రి చాలాసేపు మిషను దగ్గరే ఉంటుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం కనబడక కళ్ళు లాగేవి. అందుకని 5 మీటర్ల పట్టీ లైటు కొని తెచ్చింది. అడాప్టర్ విడిగా కొనాలన్నారు. "పాత టీవీ డబ్బాది ఇంట్లో ఉందిగా, డబ్బులు దండగ ఎందుకు?" అనుకుంది. దాన్నే తగిలించింది.

లైటు వెలిగింది. పిన్ని సంతోషపడింది. అరగంట గడిచింది. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. అడాప్టర్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. దాని పక్కనే కుట్టాల్సిన గుడ్డలు కుప్పగా ఉన్నాయి. అన్నీ ఊళ్ళోవాళ్ళ గుడ్డలే. అవి అంటుకుంటే పిన్ని ఎక్కడి నుంచి తెచ్చి కట్టగలదు? వెంటనే స్విచ్చి ఆపింది. ప్లగ్గు పీకేసింది.

మర్నాడు నన్ను పిలిచింది. "అమ్మాయ్! లైటు వెలిగింది కదా. మరి అడాప్టర్ ఎందుకు కాలింది?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని దాని మీది చీటీ చదివాం.

అడాప్టర్ ఏం చేస్తుంది?

గోడ ప్లగ్గులో కరెంటు 230 వోల్టులు ఉంటుంది. అది మనిషి ప్రాణం తీయగలదు. పట్టీకి కావలసింది 12 వోల్టులే. కొన్ని రకాలకు 24 వోల్టులు కావాలి. అడాప్టర్ 230ని 12కి దించుతుంది. అంతే కాదు. గోడలో కరెంటు ముందుకూ వెనక్కూ మారుతూ ఉంటుంది. దాన్ని ఏ.సి. అంటారు. పట్టీకి ఒకే వైపు పారే కరెంటు కావాలి. దాన్ని డి.సి. అంటారు. ఆ మార్పు కూడా అడాప్టరే చేస్తుంది.

వోల్టు, ఆంపియరు అంటే ఏమిటి? నీళ్ళ ట్యాంకును తలుచుకోండి. ట్యాంకు ఎత్తులో ఉంటే నీళ్ళు జోరుగా వస్తాయి. ఆ జోరు లాంటిది వోల్టు. గొట్టంలో ఎన్ని నీళ్ళు పారుతున్నాయో చెప్పేది ఆంపియరు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి.

చీటీ ఎలా చదవాలి?

చీటీ మీద ఇంగ్లీషు ఉంటుంది. భయపడకండి. అంకెలు మనకు వచ్చు. మూడు అక్షరాలు గుర్తుపడితే చాలు.

రెండు పుల్లలు కింద కలిస్తే అది 'వి'. అంటే వోల్టు.
రెండు పుల్లలు పైన కలిసి, మధ్యలో అడ్డపుల్ల ఉంటే అది 'ఏ'. అంటే ఆంపియరు.
రెండు 'వి'లు పక్కపక్కన ఉంటే అది 'డబ్ల్యు'. అంటే వాటు.

చీటీలో రెండు వరుసలు ఉంటాయి. ఒకదానిలో 100, 240 అనే అంకెలు ఉంటాయి. అది లోపలికి వెళ్ళే కరెంటు. ఆ వరుసతో మనకు పని లేదు. రెండోదానిలో 12 గానీ 24 గానీ ఉంటుంది. అది బయటికి వచ్చే కరెంటు. ఆ వరుసలో ఉన్న ఆంపియర్లే చూడాలి.

లెక్క చేద్దాం

పిన్ని పట్టీ మీటరుకు 4.8 వాట్లు తీసుకుంటుంది. ఈ అంకె పట్టీ పెట్టె మీద ఉంటుంది. లేకపోతే కొట్టులో అడిగి తెలుసుకోండి.

4.8 × 5 మీటర్లు = 24 వాట్లు
24 ÷ 12 వోల్టులు = 2 ఆంపియర్లు

పాత అడాప్టర్ 12 వోల్టులదే. కానీ ఆంపియరు ఒకటే. అంటే 12 వాట్లు. కావలసిన దాంట్లో సగమే! 25 కిలోలు మోసే మనిషి నెత్తిన 50 కిలోల బస్తా పెట్టినట్టు అయింది. అందుకే అది కాలింది.

మరి సరిగ్గా 24 వాట్లది కొంటే సరిపోతుందా? రోజూ నిండు బరువు మోస్తే అదీ వేడెక్కి త్వరగా పాడవుతుంది. అందుకని ఐదో వంతు కలుపుకోవాలి. 24కి 5 కలిపితే 29 వాట్లు. 2 ఆంపియర్లది చాలదు. 3 ఆంపియర్లది 36 వాట్లు ఇస్తుంది. అదే కొనాలి.

"5 ఆంపియర్లది కొంటే పట్టీ మాడిపోదూ?" అంది పిన్ని. మాడదు. కుండ పెద్దదైతే మనం ఎక్కువ నీళ్ళు తాగుతామా? పట్టీ కూడా తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టులు మాత్రం సమానంగా ఉండాలి. 12 వోల్టుల పట్టీకి 24 వోల్టులు ఇస్తే మాడిపోతుంది.

బాగా వెలుగు ఇచ్చే పట్టీలు మీటరుకు 14.4 వాట్లు తీసుకుంటాయి. అవి 5 మీటర్లకు 72 వాట్లు. అంటే 6 ఆంపియర్లు. ఐదో వంతు కలిపితే 7 దాటుతుంది. కాబట్టి 8 గానీ 10 గానీ ఆంపియర్లది కావాలి.

ఈ జాగ్రత్తలు మరవకండి

1. అడాప్టర్ మీద బి.ఐ.ఎస్. ముద్ర, నంబరు ఉన్నాయేమో చూడండి.
2. గుడ్డల కింద, తాటాకు కప్పులో, తడి తగిలేచోట పెట్టకండి. గాలి తగలాలి.
3. కొన్ని అడాప్టర్లు చిల్లుల రేకు డబ్బాలుగా వస్తాయి. వాటి మరల దగ్గర 230 వోల్టులు ఉంటాయి. ఎర్త్ తీగ తప్పనిసరి. కరెంటు పని తెలిసినవాళ్ళ చేత పెట్టించండి. ఇంట్లో వాడకానికి మూసి ఉన్న ప్లగ్గు రకమే మేలు.
4. పట్టీని కత్తెర గుర్తు ఉన్నచోటే కత్తిరించండి.
5. 12 వోల్టుల పట్టీని 5 మీటర్లకు మించి ఒకే వరసగా కలపకండి. చివర వెలుగు తగ్గుతుంది.
6. పందిళ్ళకు కట్టే కొన్ని పొడుగు లైట్లు నేరుగా 230 వోల్టులతో వెలుగుతాయి. అవి వేరు. వాటికి ఈ అడాప్టర్ పెట్టకూడదు. వాటిని కోయకూడదు.

పిన్ని కొట్టుకు వెళ్ళింది

ఆ సాయంత్రమే ఇద్దరం కొట్టుకు వెళ్ళాం. కొట్టతను ఒకటి తీసి ఇచ్చాడు. "అన్నీ పన్నెండేనమ్మా. ఏదైనా ఒకటే" అన్నాడు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుంది. చీటీ మీద వేలు పెట్టి, అంకె అంకె చదివింది.

"బాబూ! ఇందులో 2 అని ఉంది. మాకు 3 కావాలి" అంది.

అతను మారు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి 3 ఆంపియర్లది తెచ్చి ఇచ్చాడు. ఆ రాత్రి పిన్ని గంట గంటకూ అడాప్టర్ తడిమి చూసింది. గోరువెచ్చగా ఉంది. అంతే. పండగ గుడ్డలన్నీ సమయానికి కుట్టి ఇచ్చింది.

కరెంటు ఖర్చు ఎంత? 24 వాట్ల పట్టీ రోజుకు 5 గంటలు వెలిగితే 8 రోజులకు దాదాపు 1 యూనిట్ కాలుతుంది.

మీరు చెప్పండి

1. పాత అడాప్టర్ కూడా 12 వోల్టులదే. అయినా ఎందుకు కాలింది?
2. మీటరుకు 4.8 వాట్ల పట్టీ 3 మీటర్లు కొన్నారు. ఎన్ని వాట్లు కావాలి? ఐదో వంతు కలిపితే ఎంత? 12 వోల్టుల అడాప్టర్ ఎన్ని ఆంపియర్లది కొంటారు?
3. మీ ఇంట్లో ఉన్న ఒక అడాప్టర్ ప్లగ్గు తీసి, దాని చీటీ చదవండి. వోల్టులు, ఆంపియర్లు మీ నోటు పుస్తకంలో రాయండి.