ఒక్క మాట అడగండి

అనంతపురం జిల్లా కుందుర్పి పల్లెల్లో "ఎట్లున్నావప్పా?" అని పలకరిస్తే చాలామంది చెప్పేది వాన సంగతి. శెనక్కాయ ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేసిందనో, కొత్తగా వేసిన బోరులోనూ దుమ్మే లేచిందనో అంటారు. నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. దిగులుగా ఉందని మాత్రం నోరు తెరిచి అనరు.

అప్పొక్కటే రైతు ప్రాణం తీస్తుందని నేననుకోను. అప్పుకు తోడు ఎండిన పైరు, తాగుడు, ఇంట్లో గొడవలు, నలుగురిలో పరువు, ఏళ్లుగా వైద్యం అందని కుంగుబాటు కలిసి ముడి బిగిస్తాయి. 2004లో వచ్చిన 421 జీవో రైతు పోయాక ఆ కుటుంబానికి లక్షన్నర ఇమ్మంది. ఆ మనిషి పోకముందు మనమేం చేయగలమన్నదే నా బాధ.

చేయగలిగింది చాలా ఉంది. చావాలన్న తెగింపు చాలామందిలో కొద్ది గంటలే, ఒక్కోసారి నిమిషాలే ఉంటుంది. ఆ గండం గట్టెక్కినవాళ్లలో ఎక్కువమంది బతుకు వైపే మళ్లుతారు. అందుకే ఆ వేళకు పురుగుమందు చేతికి అందకపోవడం ప్రాణం నిలబెడుతుంది. శ్రీలంక అతి విషపు మందులను ఒక్కొక్కటిగా నిషేధించాక, 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. పంట దిగుబడి పడిపోలేదు. తమిళనాడు కడలూరు జిల్లాలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం ఊళ్లోనే ఒకచోట లాకర్లు పెట్టి, రైతుల మందు డబ్బాలను ఇళ్లలోంచి అక్కడికి చేర్పించింది. ఇలాంటి లాకర్లు మన పల్లెల్లోనూ పెట్టుకోవచ్చు.

వైద్యం పల్లెకు రావాలన్నదీ కొత్త ఆలోచన కాదు. మన జిల్లాకు ఆనుకుని ఉన్న బళ్లారిలోనే 1980లలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి మనోవ్యాధులను గుర్తించి మందులివ్వడం నేర్పింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ ప్రయోగమే పునాది.

ఎవరైనా "నేను లేకపోతేనే మీరు బాగుంటారు" అంటే తేలిగ్గా తీసుకోకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. గుండెలో బరువు కాస్త దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సహాయవాణి 14416కు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వస్తే 108కి చేయండి. పోలీసు కేసవుతుందని దాచొద్దు: ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.