పాత లినక్స్‌లో కొత్త పైథాన్

ప్రాజెక్టు రికార్డులు ఇవ్వడానికి ఇంకా మూడు రోజులుందనగా, ఫైనలియర్ కుర్రాడొకడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చాడు. ‘‘సార్, టెర్మినల్ తెరుచుకోవడం లేదండీ’’ అన్నాడు.

‘‘ఏం చేశావోయ్?’’ అన్నాను.

‘‘ఏమీ చెయ్యలేదండీ. కొత్త పైథాన్ పెట్టానంతే.’’

ఆ ‘అంతే’లోనే ఉంది అసలు సంగతి. ఏటా ఇద్దరు ముగ్గురైనా ఇలాగే వస్తుంటారు కనుక, ఈ సంచికలో దాన్ని కాస్త వివరంగా రాయాలనిపించింది.

అతని మెషీన్‌లో ఉన్నది 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 20.04. దానితోపాటు వచ్చే పైథాన్ 3.8. ప్రాజెక్టుకి కావలసింది జాంగో 5. అదేమో 3.10కి తక్కువైన పైథాన్ మీద నడవదు. పాత పైథాన్‌తో ఉత్తినే ‘జాంగో కావాలి’ అని పిప్‌ని అడిగితే, అది నోరెత్తకుండా 4.2 తెచ్చి పెడుతుంది. కాబట్టి కొత్త పైథాన్ కోరుకోవడంలో కుర్రాడి తప్పేమీ లేదు. తప్పల్లా పాతదాన్ని కుర్చీలోంచి లేపి ఆ కుర్చీలో కొత్తదాన్ని కూర్చోబెట్టడంలో ఉంది. యూఎస్‌ఆర్ బిన్ డైరెక్టరీలో ‘పైథాన్3’ అనే పేరు నిజానికి ఒక లింకు మాత్రమే, అది 3.8ని చూపిస్తుంది. ఇతగాడు దాన్ని 3.12 వైపు తిప్పాడు.

మనం పైథాన్ అంటే మన ప్రోగ్రాములు రాసుకునే భాష అనుకుంటాం. ఆపరేటింగ్ సిస్టం దృష్టిలో అది ఇంటి దూలాల్లో ఒకటి. ఉబుంటులో టెర్మినల్‌ని తెరిచేది ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు. మనం లేని కమాండు కొడితే ‘ఫలానా పాకేజీ పెట్టుకోండి’ అని సలహా చెప్పేదీ పైథానే. ఇవి వాడుకునే మాడ్యూళ్ళలో కొన్ని సీ భాషలో రాసి, ప్రత్యేకంగా 3.8 కోసమే కంపైల్ చేసినవి. ఆ ఫైళ్ళ పేర్లలోనే ‘38’ అని ఉంటుంది, చూడండి. 3.12కి అవి పనికిరావు. స్క్రిప్టు మొదటి పంక్తిలో రాసి ఉన్న పేరుని నమ్ముకుని పైథాన్‌ని పిలుస్తుంది, వచ్చేది వేరే మనిషి! అందుకే ‘ఏపీటీ పీకేజీ అనే మాడ్యూలు లేదు’ అనే ఫిర్యాదు, తెరుచుకోని టెర్మినల్.

ఇది ఉబుంటుకే పరిమితం కాదు. సెంటోస్ 7 కాలంలో దాని డిఫాల్టు పైథాన్ 2.7.5, పాకేజీలు తెచ్చే యమ్ కూడా దానిమీదే నడిచేది. పైథాన్ పేరుని 3కి తిప్పిన మరుక్షణం యమ్ ‘సింటాక్స్ ఎర్రర్’ అని మొరాయించేది. సెంటోస్ 7కి 2024 జూన్ 30తో కాలం చెల్లింది గానీ, దాని పాఠం మాత్రం చెల్లలేదు.

కుర్రాడి మెషీన్ బాగుచెయ్యడానికి పట్టింది రెండు నిమిషాలు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే బొమ్మల్లేని టెక్స్ట్ కన్సోల్ వస్తుంది. అక్కడ లాగిన్ అయి ఆ లింకుని మళ్ళీ 3.8కి తిప్పేశాం. అదృష్టం, అతను పాతదాన్ని తీసెయ్యలేదు. ‘పాతదెందుకు, దండగ’ అని ఏపీటీతో పైథాన్3ని తొలగించబోతే, దానిమీద ఆధారపడ్డ డెస్క్‌టాప్ సరంజామా సగం దానివెంటే పోతుంది. ఏపీటీ ముందుగా పెద్ద జాబితా చూపించి ‘సరేనా’ అని అడుగుతుంది లెండి. మనవాళ్ళు చదవకుండా ‘వై’ కొడతారు.

మరి సరైన పద్ధతేమిటి? కొత్తదానికి వేరు పొయ్యి పెట్టడమే.

ముందుగా కంపైలర్ సామగ్రి, అంటే బిల్డ్ ఎసెన్షియల్ పాకేజీ పెట్టుకోవాలి. దానితోపాటు ఓపెన్ఎస్ఎస్ఎల్, జీలిబ్, లిబ్ఎఫ్ఎఫ్ఐ, ఎస్‌క్యూలైట్‌ల ‘డెవ్’ పాకేజీలు మరవకూడదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఓపెన్ఎస్ఎస్ఎల్ డెవ్ లేకపోయినా కంపైలేషన్ ఆగదు. చివర్లో ఫలానా మాడ్యూలు కట్టలేదని ఓ ముక్క చెప్పి ఊరుకుంటుంది. తీరా పిప్ వాడబోతే నెట్ నుంచి ఏదీ దిగదు. ఇంకో మాట: పైథాన్ 3.10 నుంచి పైవాటికి ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1 అయినా ఉండాలి. సెంటోస్ 7లో ఉన్నది 1.0.2. అంత పాత మెషీన్లు మీ లాబ్‌లో ఇంకా ఉంటే ఈ చిక్కు ముందే చూసుకోండి.

పైథాన్ వారి సైటు నుంచి సోర్సు తెచ్చి విప్పాక, కాన్ఫిగర్ చేసేటప్పుడు ‘ప్రిఫిక్స్’ అనే చోట ఆప్ట్ కింద ఓ కొత్త డైరెక్టరీ పేరు ఇవ్వండి, పైథాన్312 అనుకుందాం. తర్వాత మేక్. దాని తర్వాత, అలవాటు చొప్పున ‘మేక్ ఇన్‌స్టాల్’ కొట్టకండి. ‘మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్’ కొట్టండి. మొదటిది ‘పైథాన్3’ అనే ఉమ్మడి పేరుని కూడా తయారుచేస్తుంది. రెండోది ‘పైథాన్3.12’ అనే పూర్తి పేరుతోనే ఊరుకుంటుంది. ప్రిఫిక్స్ ఇవ్వకపోతే అంతా యూఎస్‌ఆర్ లోకల్‌లోకి పోతుంది. మామూలుగా పాత్‌లో అది యూఎస్‌ఆర్ బిన్ కంటే ముందుంటుంది కనుక, మేక్ ఇన్‌స్టాల్ చేసినవాడు ‘పైథాన్3’ అన్నప్పుడల్లా కొత్తదే పలుకుతుంది. సిస్టం స్క్రిప్టులు కొన్ని పాతదాన్ని, కొన్ని కొత్తదాన్ని పట్టుకుంటాయి. అలా సగంసగం పాడైనదాన్ని వెతికి పట్టుకోవడం మహా కష్టం.

ఇక మిగిలింది వెన్వ్. మీ ప్రాజెక్టు ఫోల్డర్లో నిలబడి, ఆప్ట్‌లోని పైథాన్3.12ని పూర్తి దారితో పిలిచి ‘వెన్వ్’ మాడ్యూలుతో ఒక పరిసరం తయారుచేసుకోండి. దాన్ని యాక్టివేట్ చేశాక ఆ టెర్మినల్ వరకూ ‘పైథాన్’ అంటే 3.12. జాంగో వగైరా పిప్‌తో ఆ వెన్వ్‌లోకే దిగుతాయి. టెర్మినల్ మూసేస్తే మళ్ళీ యథాప్రకారం 3.8. సుడో పెట్టి పిప్ నడిపే అలవాటుంటే మాత్రం ఈ రోజే మానెయ్యండి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, వెన్వ్ బయట పిప్ వాడబోతే ‘ఇది బయటివారి అజమాయిషీలో ఉంది’ అని సిస్టమే అడ్డుపడుతోంది.

మా కుర్రాడు ఆ సాయంత్రమే జాంగో 5 నడిపించాడు, రికార్డు గడువులోపలే ఇచ్చాడు.

కొత్తది తీసెయ్యాలంటే? పైథాన్ సోర్సులో ‘మేక్ అన్‌ఇన్‌స్టాల్’ అనేది లేదు. ప్రిఫిక్స్ ఇమ్మన్నది అందుకూ పనికొస్తుంది: ఆప్ట్‌లోని ఆ ఒక్క డైరెక్టరీ తుడిచేస్తే సరి. దానితో చేసిన వెన్వ్‌లు మాత్రం ఆ తర్వాత పలకవు. కాబట్టి ముందే ‘పిప్ ఫ్రీజ్’తో పాకేజీల జాబితా ఒక ఫైల్లో రాసి ఉంచుకోండి.