కంట్లో మందు ఎన్నాళ్ళుంటుంది?

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు వస్తే ఇంట్లో ఎంత హడావుడో మీకు నేను చెప్పక్కర్లేదు. టీసీ, గ్యాస్ కనెక్షన్, సామాన్ల లారీ... మూడేళ్ళ క్రితం ఆ హడావుడిలో నేను ఒకటి మర్చిపోయాను: మా అమ్మ కంటి ఇంజెక్షన్. అమ్మకు చాలా ఏళ్ళుగా షుగర్. పాత ఊళ్ళో నెలనెలా ఇంజెక్షన్ చేయించేదాన్ని. కొత్త ఊళ్ళో రెటీనా డాక్టరు లేరు, రైల్లో ఐదు గంటలు వెళ్ళాలి. క్వార్టర్ దొరికి సర్దుకునేసరికి మూడు నెలలు గడిచాయి. ఒకరోజు అమ్మ, "ద్వారబంధం వంకరగా కనిపిస్తోందేమిటే?" అంది.

కంటి లోపల, వెనక గోడకు అంటుకుని ఉండే పలుచని పొర రెటీనా. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. షుగర్ వల్ల అక్కడి సన్నని రక్తనాళాలు దెబ్బతింటే కొన్నిచోట్ల ప్రాణవాయువు అందదు. అప్పుడు ఆ కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. "మాకు కొత్త రక్తనాళం కావాలి" అని పెట్టుకునే అర్జీ అనుకోండి. 1989లో నెపోలియోనే ఫెరారా బృందం ఈ ప్రోటీన్‌ను వేరుచేసింది. గాయాలు మానడానికి ఇది అవసరమే. కంట్లో ఎక్కువైతే మాత్రం పాత నాళాలు కారతాయి, కొత్తగా పుట్టే నాళాలు బలహీనంగా ఉండి చిట్లుతాయి. రెటీనా మధ్యలో, చదవడానికి పనికొచ్చే మాక్యులాలో నీరు చేరితే తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయి. అమ్మకు జరిగింది అదే.

వీఈజీఎఫ్‌ను పట్టి ఆపే మందులున్నాయి. వాటిలో రానిబిజుమాబ్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది, మొదట పెద్ద వయసులో వచ్చే మాక్యులా జబ్బుకు, తర్వాత షుగర్ వల్ల వచ్చే వాపుకు. చుక్కల మందుగా వేస్తే చాలదా అంటే, కన్నీళ్ళు చాలావరకు కడిగేస్తాయి. లోపలికి చేరేది నూటికి ఐదు పాళ్ళ కన్నా తక్కువే. అందుకే సూదితో నేరుగా కంట్లోకి వేస్తారు. వినడానికి భయంగా ఉన్నా, ముందు మత్తు చుక్కలు వేస్తారు కాబట్టి అమ్మ పెద్దగా నొప్పి లేదనేది.

ఎనిమిదో తరగతిలో ఈ సంగతి చెబితే ఒక అబ్బాయి, "మేడమ్, ఒకేసారి రెట్టింపు వేసేయొచ్చు కదా?" అన్నాడు. మంచి ప్రశ్న. ఒక్కసారికి వేసేది 0.05 మిల్లీలీటర్లు, అంటే ఒక చుక్క. అంతకు మించి వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. పైగా లెక్క చూడండి: ఆ మందులో సగం సుమారు వారం, పది రోజుల్లో కంట్లోంచి వెళ్ళిపోతుంది. రెట్టింపు వేస్తే మొదటి వారం, పది రోజుల్లోనే మళ్ళీ మామూలు మోతాదుకు వచ్చేస్తుంది. మనకు మిగిలింది ఆ కొద్ది రోజులే!

మందు ఉంది, నిలవడమే కష్టం. నానో వైద్యం వచ్చేది ఇక్కడే. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్ల వంతు. మన వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. అంతకన్నా వందల రెట్లు చిన్న గుళికల్లో మందు నింపి, అది కొంచెం కొంచెంగా బయటికి వచ్చేలా చేయాలని ప్రయత్నం. గుళికకు ఎక్కువగా వాడేది పీఎల్‌జీఏ అనే పదార్థం. తీయనక్కర్లేకుండా కరిగిపోయే కుట్ల దారాలను దానితో చేస్తారు. నీటిలో అది విడిపోయి రెండు ఆమ్లాలవుతుంది. వాటిలో ఒకటి లాక్టిక్ ఆమ్లం, మన పెరుగులోని పులుపే.

గుళిక చిన్నదైతే చాలదు. కంటి లోపలంతా విట్రియస్ అనే జిగురు పదార్థం వలలా ఉంటుంది. ఆ వల దారాల్లో రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్న గుళికలు అతుక్కుపోయి ముందుకు కదలవు. ఆవేశాన్ని కప్పే పూత వేస్తే జారిపోతాయి.

ఇదంతా కల కాదు. 2000లోనే వెర్టిపోర్ఫిన్ అనే మందు వాడకంలోకి వచ్చింది. అది నీటిలో కరగదు, అందుకని లైపోసోమ్ అనే కొవ్వు బుడగల్లో పెట్టి చేతి నరంలోకి ఎక్కిస్తారు. అది కంట్లోని చెడు నాళాలకు చేరాక ఎర్రని లేజర్ కాంతి వేస్తే అక్కడే పనిచేసి వాటిని మూసేస్తుంది. తర్వాత ఐదు రోజులు రోగి ఎండలోకి రాకూడదు. వీఈజీఎఫ్‌ను ఆపే మందులు వచ్చాక దీని వాడకం బాగా తగ్గింది.

నెలల తరబడి నిలిచే నానో గుళికలు మాత్రం చాలావరకు ప్రయోగశాలల్లోనే, జంతువుల మీద పరీక్షల్లోనే ఉన్నాయి. మందు ప్రోటీన్ కాబట్టి గుళికలో నింపేటప్పుడే పాడవచ్చు. మొదటి రోజే సగం బయటికి వచ్చేయవచ్చు. గుళికలు చూపుకు అడ్డంగా తేలవచ్చు, కంట్లో వాపు రావచ్చు. పత్రికల్లో "నానో అద్భుతం" అని చదివినప్పుడు, అది మనిషి కంట్లో పరీక్షించారా, ఎన్ని నెలలు నిలిచింది అని చూడండి. నేనైతే ముందు అదే చూస్తాను.

అమ్మకు మళ్ళీ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ద్వారబంధం తిన్నగా అయింది గాని, కుడి కంటితో సన్న అక్షరాలు ఇప్పటికీ చదవలేదు. మీ ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో ఈ వైద్యం నడుస్తుంటే, బదిలీ తెలిసిన రోజే డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకోండి: ఏ మందు, ఏ కంటికి, ఏ తేదీల్లో వేశారు, తర్వాతిది ఎప్పుడు. స్కాన్ బొమ్మలు కూడా అడగండి. ఆ ఫైలు లారీలో వేయొద్దు, చేతి సంచిలో పెట్టుకోండి.