ఇంటర్వ్యూ అయింది, కబురు రాలేదు

మన గుంటూరు, ప్రకాశం ప్రాంతపు సంఘాలలో నర్సింగ్ చదివిన ఆడపిల్ల లేని సంఘం అరుదు. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లిన తల్లి కూలి డబ్బులు, తండ్రి కౌలు సేద్యంలో మిగిలిన నాలుగు రూపాయలు, అవీ చాలక తెచ్చిన అప్పు, అన్నీ కలిస్తే ఆ చదువు పూర్తయింది. జి.ఎన్.ఎం. అయితే మూడేళ్లు, బి.ఎస్సీ. నర్సింగ్ అయితే నాలుగేళ్లు. తరువాత ఇంటర్వ్యూ. అమ్మాయి బాగానే సమాధానాలు చెప్పింది. "సరేనమ్మా, మేమే ఫోను చేస్తాం" అన్నారు. వారం గడిచింది, నెల గడిచింది, ఫోను రాలేదు.

ఇటువంటి ఇళ్లకు ప్రార్థన నిమిత్తం మేము వెళ్తూ ఉంటాము. అక్కడ రెండు రకాల బాధ కనిపిస్తుంది. అమ్మాయి ఫోను చేతిలోంచి కింద పెట్టదు. తల్లి వీధిలోకి రావడం తగ్గిస్తుంది. ఎందుకంటే బోరింగు దగ్గర ఎవరో ఒకరు, "ఏమ్మా, మీ అమ్మాయికి ఇంకా ఆర్డరు రాలేదా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి కొందరు బ్రోకర్లకు డబ్బు కట్టారు. కొందరు కష్టపడి చదివించిన పిల్లకు తొందరపడి సంబంధం చూశారు.

ప్రియ పాఠకులారా, మేము చెప్పదలచిన మాట ఒక్కటే. ఆలస్యం తిరస్కారం కాదు. అయితే అది వాగ్దానం కూడా కాదు. ఈ రెండింటినీ గుర్తు పెట్టుకున్నవారు ఎదురుచూపు కాలాన్ని నష్టం లేకుండా దాటగలరు.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

ప్రైవేటు ఆసుపత్రులలో కారణాలు చాలావరకు మామూలువే. కొత్త వార్డు ఇంకా తెరవలేదు. మానేస్తానన్న నర్సు ఇంకా వెళ్లలేదు. యాజమాన్యం సంతకం కాలేదు. కొన్నిచోట్ల ఖాళీ లేకపోయినా, రేపు అవసరమవుతుందని ముందుగా ఇంటర్వ్యూలు చేసి పేర్లు రాసి పెట్టుకుంటారు. ఇందులో అమ్మాయి తప్పేమీ లేదు.

ప్రభుత్వ నియామకాల దారి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుల కోసం వచ్చిన నోటిఫికేషన్లలో ఇంటర్వ్యూ కంటే మార్కుల లెక్కే ముఖ్యం. మొత్తం 100లో 75 చదువులో వచ్చిన మార్కులకు, గరిష్ఠంగా 10 కోర్సు పూర్తయి గడిచిన సంవత్సరాలకు, 15 వరకు ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు ఇచ్చారు. ముందు తాత్కాలిక జాబితా, దానిపై అభ్యంతరాలు, తరువాత తుది జాబితా, ఆపైన కౌన్సెలింగ్. మధ్యలో ఎవరైనా కోర్టుకు వెళ్లినా, ఎన్నికల నియమావళి వచ్చినా అంతా ఆగిపోవచ్చు. గడిచిన సంవత్సరాలకు కూడా మార్కులు వేసిన సంగతి చూడండి. మనం వృథా అనుకున్న కాలం అక్కడ లెక్కకు వచ్చింది.

మంగళగిరి ఎయిమ్స్ మన వాకిట్లోనే ఉంది గనుక చాలామంది దాని గురించి అడుగుతున్నారు. ఎయిమ్స్ సంస్థలలో నర్సింగ్ ఆఫీసర్లను 'నార్‌సెట్' అనే ఉమ్మడి పరీక్ష ద్వారా తీసుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి ఈ స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసివేసింది. కాబట్టి "ఎయిమ్స్‌లో పర్మనెంటు పోస్టు, ఇంటర్వ్యూలో మేము చెప్పిస్తాం" అని ఎవరైనా మీ గడప తొక్కితే, ఆ మాట దగ్గరే అతని సంగతి తెలిసిపోవాలి.

ఇక గల్ఫ్ ఉద్యోగాలు. ఎంపికైన తరువాత కూడా సర్టిఫికెట్ల పరిశీలన, ఆ దేశపు లైసెన్సు పరీక్ష, వైద్య పరీక్ష, వీసా, మన ప్రభుత్వపు ఎమిగ్రేషన్ అనుమతి అనే మెట్లు ఉంటాయి. ఒక్కొక్క మెట్టుకూ వారాలు పడుతుంది. నెలలు గడిచాయని అక్కడ కంగారు పడవలసిన పని లేదు.

ఒక ఆలస్యం మాత్రం మన చేతిలోనే ఉంటుంది. బెంగుళూరు వైపు చదివి వచ్చిన మన పిల్లలు ఆంధ్రప్రదేశ్ నర్సుల కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోకుండానే ఇంటర్వ్యూలకు వెళ్తున్నారు. రిజిస్ట్రేషన్ ఉందా, రెన్యూవల్ అయిందా, అన్ని సర్టిఫికెట్ల మీద పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా అన్నది ముందు చూసుకోండి. ఆర్డరు వచ్చే రోజున కాగితం లేక చోటు పోగొట్టుకోవడం కంటే బాధ లేదు.

అడగడం తప్పు కాదు

"మనం ఫోను చేస్తే కోపం వస్తుందేమో" అని మన పిల్లలు భయపడతారు. మర్యాదగా అడిగినవారి మీద ఎవరూ కోపపడరు. లేచి వచ్చేముందే, "ఫలితం ఎప్పటికి తెలుస్తుందండీ? ఎవరిని అడగాలి?" అని తెలుసుకుని ఆ పేరు, తేదీ రాసుకోవాలి. వారు చెప్పిన గడువు దాటాక మరో నాలుగు రోజులు చూసి ఒక ఉత్తరమో, మెయిలో పంపాలి. పెద్ద మాటలు అక్కరలేదు.

"అయ్యా, ఫలానా తేదీన మీ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వచ్చాను. ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను. ఇంకా ఏవైనా కాగితాలు కావలసి ఉంటే పంపగలను. ఎప్పటికి తెలుస్తుందో దయచేసి తెలుపగోరుతున్నాను." కింద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోను నంబరు. ఇంతే చాలు. పది రోజుల తరువాత ఒకసారి ఫోను చేయవచ్చు. రోజూ చేయడం, తండ్రి చేత, మేనమామ చేత, చివరికి అయ్యగారి చేత చేయించడం మంచిది కాదు. అమ్మాయి తన ఉద్యోగాన్ని తానే అడగాలి.

మరి ఎన్నాళ్లు చూడాలి? దీనికి మన మిర్చి రైతే జవాబు చెబుతాడు. ధర లేనప్పుడు అతడు టిక్కీలను గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అయితే ఊరికే పెట్టడు. అద్దె ఎంత, అప్పు మీద వడ్డీ ఎంత, ఏ నెల దాటితే ఆగడంలో లాభం లేదో లెక్క కట్టుకుంటాడు. అలాగే మీరూ ఒక తేదీ అనుకోండి. ఈలోగా మరో ఆసుపత్రి పిలిస్తే వెళ్లండి. నోటిమాటగా చెప్పిన ఉద్యోగం కోసం చేతికి వచ్చిన ఉద్యోగాన్ని వదలుకోవద్దు. మొదటివారికి ఆ సంగతి మర్యాదగా తెలియజేస్తే చాలు.

కుగ్లర్ దొరసాని ఎదురుచూసిన రెండేళ్లు

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి పేరు తెలియని పెద్దలు ఉండరు. ఆ ఆసుపత్రి వెనుక కూడా ఒక ఆలస్యమైన ఆర్డరు ఉందని చాలామందికి తెలియదు.

అన్నా సారా కుగ్లర్ 1879లో అమెరికాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో డాక్టరు పట్టా పొందారు. వైద్య మిషనరీగా రావాలని లూథరన్ స్త్రీల మిషనరీ సంఘాన్ని అడిగారు. వైద్యపు పని చేపట్టడానికి తాము ఇంకా సిద్ధంగా లేమనీ, కావాలంటే ఇక్కడి స్త్రీలకు బోధించే ఉపాధ్యాయురాలిగా పంపుతామనీ వారు జవాబిచ్చారు. డాక్టరు చదువు చదివి పంతులమ్మగా వెళ్లడమా అని ఆమె ఆగిపోలేదు. 1883లో గుంటూరు వచ్చారు. ఇచ్చిన పని చేస్తూనే, గోషాలో ఉండి మగ డాక్టరుకు చూపించుకోని స్త్రీలకు వైద్యం చేశారు. ఆమెను వైద్య మిషనరీగా నియమిస్తున్నట్లు ఆర్డరు 1885 డిసెంబరులో గాని రాలేదు. ఆసుపత్రి లేవడానికి మరో పది సంవత్సరాలకు పైగా పట్టింది. 1930లో మరణించేవరకు గుంటూరే ఆమె పనిచోటు.

ఆర్డరు వచ్చేనాటికే ఆమె పని మొదలైపోయి ఉంది. మన పిల్లలు నేర్చుకోవలసింది ఇదే. పెద్ద ఆసుపత్రి పిలుపు వచ్చేలోగా మండల కేంద్రంలో చిన్న నర్సింగ్ హోములోనైనా డ్యూటీ చేయండి. జీతం తక్కువైనా చేతి పని మరచిపోరు, అనుభవ పత్రం వస్తుంది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించకండి, జిరాక్సు కాపీలు ఇవ్వండి. తప్పదంటే రాతపూర్వకంగా రసీదు తీసుకోండి. సాయంత్రాలు నార్‌సెట్‌కో, గల్ఫ్ లైసెన్సు పరీక్షకో చదవండి.

డబ్బు అడిగితే

ఆలస్యమైన ఇంటిని బ్రోకరు వాసన పడతాడు. "ఫైలు కదలాలంటే ఖర్చవుతుంది" అంటాడు. 2015లో కేరళలో బయటపడిన కువైట్ నర్సుల కేసును గుర్తు చేసుకోండి. 19,500 రూపాయలు తీసుకోవలసిన చోట ఒక్కొక్కరి దగ్గర 19 లక్షలకు పైగా వసూలు చేశారన్నది సి.బి.ఐ. ఆరోపణ. ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వం కువైట్, సౌదీ వంటి 18 దేశాలకు వెళ్లే నర్సులకు ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి చేసింది. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. అంతే. ఏజెంటు పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు ఇవ్వకండి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ కూడా ఉన్నది, అక్కడ అడిగి తెలుసుకోండి.

ఇంటివారికి, సంఘానికి

తల్లిదండ్రులారా, అప్పు ఇచ్చినవాడి ఒత్తిడి మాకు తెలియనిది కాదు. అయినా ఆ వడ్డీ లెక్క ప్రతి రాత్రి భోజనం దగ్గర బిడ్డకు వినిపించకండి. పత్తి చేను ఒక్క తీతతో అయిపోదని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. మొదటి తీతలో తగ్గింది రెండవ తీతలో రావచ్చు. బిడ్డ విషయంలోనూ ఆ ఓర్పే చూపండి. పక్కింటి అమ్మాయి జీతంతో పోల్చకండి.

సంఘంలోని పెద్దలారా, "ఆర్డరు వచ్చిందా?" అని అడిగే బదులు "నీకు ఏమి సహాయం కావాలమ్మా?" అని అడగండి. దరఖాస్తు రుసుముకు అయిదు వందలు, ఇంటర్వ్యూకు వెళ్లడానికి బస్సు చార్జీ, హైదరాబాదులో రెండు రాత్రులు ఉండడానికి ఒక విశ్వాసి ఇల్లు, ఇవి సంఘం ఇవ్వగలిగినవే. ఉద్యోగంలో ఉన్న అక్కలు తమ ఆసుపత్రిలో ఖాళీ ఉంటే స్త్రీల సమాజంలో చెప్పండి.

యోసేపు మేలు చేసిన మనిషి అతనిని మరచి రెండేళ్లు ఊరుకున్నాడు. ఆ రెండేళ్లు యోసేపు చెరసాలలో ఉన్నా పనికిమాలినవాడు కాలేదు. సహోదరీ, నీ ఫోను ఇంకా మోగకపోవచ్చు. నీవు నేర్చిన పని నీ చేతిలోనే ఉంది. రేపు ఉదయం లేచి, ఆ ఉత్తరం రాసి పంపు. తరువాత మరొక దరఖాస్తు నింపు.